బోధన్‌లో నేను నీలం గుర్తును ఓడించిన వారం

రెండువేల సంవత్సరం దాటిన ఆరేడేళ్లకు బోధన్ బస్టాండు ఎదుట నాకో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక చక్రవర్తి. చక్రవర్తిని నేనే.

ఆ కాలంలో ఇంటర్నెట్ అంటే తెర మీది నీలం 'ఇ' గుర్తే. ఏ పొలం చెరుకు ఏ ఫ్యాక్టరీకి పోవాలో నాటడానికి ముందే రాసిపెట్టి ఉండే మా దగ్గర, ఇంటర్నెట్ చూడ్డానికి ఏ బ్రౌజర్ వాడాలో కంప్యూటర్‌తోపాటే నిర్ణయమై వచ్చెయ్యడం ఎవరికీ వింతగా తోచలేదు. నాకు తోచింది. నక్క బొమ్మ ఉన్న కొత్త బ్రౌజర్ దించాను. అది దిగేలోపు పోచంపాడ్ డ్యామ్ ఒకసారి నిండి ఖాళీ అయి ఉంటుంది. తర్వాత మూడు తెరల మీది నీలం గుర్తులనూ చెత్తబుట్టలో పడేసి, ఒక సామ్రాజ్యాన్ని కూల్చినవాడిలా చాయ్ తాగాను. రోడ్డుకు అవతల సెంటర్ నడిపే పెద్దాయన, మేమంతా భాయ్ అనేవాళ్లం, నీలం గుర్తుతోనే ఉండిపోయాడు. ఆయనను చూసి జాలిపడేవాణ్ణి.

ఆ వారమే కోటగిరి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నర్సింగ్ కాలేజీ దరఖాస్తు. అదే ఆఖరి రోజు, ఐదింటికి మూత. నా నక్క దరఖాస్తంతా చూపించింది, సబ్మిట్ బటన్ ఒక్కటి తప్ప. ఆ వెబ్‌సైటు నీలం గుర్తులోనే సరిగా తెరుచుకుంటుందని కింద చిన్నగా రాసి ఉంది. అయినా ఆ బటన్ కోసం పేజీని ఎంత పైకీ కిందికీ తిప్పానంటే, మౌస్‌కు జ్వరం వచ్చింది. నాలుగున్నర అయింది.

"అన్నా, నీ పట్టింపుకు నా సీటు పోతది. నేను ఎదురుంగ భాయ్ దగ్గరికి పోత," అంది.

కాగితాలు నేనే పట్టుకుని పన్నెండడుగుల రోడ్డు దాటాను. వరదలో గోదావరి ఈదడం అంతకన్నా తేలిక. అక్కడ కుర్చీలన్నీ నిండి, గుమ్మం దాకా జనం. భాయ్ సంగతంతా విని, లేచి, నా సెంటర్‌కే నడిచాడు.

"నువ్వు పీకింది బోర్డు తమ్మీ, దుకాణం కాదు. అది లోపల్నే ఉన్నది."

స్టార్ట్ నొక్కి ఏవో రెండు ముక్కలు టైపు చేశాడు. చచ్చిపోయిందని నేను ఊరంతా చాటిన నీలం కిటికీ, కునుకు తీసి లేచినట్టు తెరుచుకుంది. దరఖాస్తు మళ్లీ మొదటినుంచి నింపాం. ఐదుకు మూడు నిమిషాలుండగా, అందినట్టు నంబరు వచ్చింది.

ఆ అమ్మాయి ప్రింటు మడిచి సంచిలో పెట్టుకుని భాయ్‌కు దండం పెట్టింది. తర్వాత కంప్యూటర్‌కు పెట్టింది. నా వంతు వచ్చేసరికి బయట కోటగిరి బస్సు కదిలింది.