పులివెందుల దాటి ఒక కొలనుకు కలువలు తీసుకుపోయిన రోజు

ప్రొద్దుటూరు నుంచి పులివెందుల వైపు నీటి మొక్కలు ఎలా తీసుకుపోవాలని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆ దారిలో నేను చాలాసార్లు పోయాను. అందులో ఒక ప్రయాణం గురించి మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఫ్యాక్షన్ రోజులవి. పేర్లు మార్చాను. ఊరి పేరు రాయడం లేదు. అప్పుడు నేను బట్టల కొట్టులో గుమాస్తాను. మొక్కల పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇంటి వెనక తొట్లలో వేసి, బతికినవేవో చచ్చినవేవో రోజూ పుస్తకంలో రాసుకుంటూ నేర్చుకున్నాను. నేను నీటి మొక్కలు పెడతానని విని, ఆ ఊరి నుంచి లక్షుమ్మ అనే ఆమె ఒకరోజు కొట్టుకు వచ్చిన మనిషి చేత చీటీ పంపింది. రెండేళ్ళ కిందట ఆమె భర్తను దారి కాచి చంపారు. అప్పటినుంచి ఇంటి పెత్తనమూ, పార్టీ పెత్తనమూ మరిదివే; అతన్ని అందరూ చిన్నాయన అంటారు. ఇంటి ముందు సిమెంటు కొలను కట్టించానని, ఆకు తొందరగా కమ్ముకునే మొక్కలు కావాలని, పక్కన రెండు పూల మళ్ళు కూడా వేయాలని రాసింది.

పొద్దున ఆరు గంటల బస్సుకు జమ్మలమడుగు బయలుదేరాను. ముక్కాలు గంట ప్రయాణం. అప్పట్లో టికెట్ నాలుగు రూపాయలు. నీటి మొక్కల కోసం నేను ఎప్పుడూ అక్కడి మస్తాన్ తోటకే పోయేవాణ్ణి. అతని దిగుడుబావిలో తెల్ల కలువ, ఎర్ర కలువ, నీటి మీద తేలే అంతరతామర ఉండేవి. తామర వద్దనుకున్నాను. దానికి లోతైన బురద కావాలి, కుదురుకోవడానికి ఏడాది పడుతుంది. ఎనిమిది కలువ దుంపలు మొలక విరగకుండా తడి గోనెలో చుట్టాము. అంతరతామర ఒక గంప నిండా తీశాము. ఎక్కడికని మస్తాన్ అడిగితే చెప్పాను.

"ఆ ఇంటికా? మామా, ఓట్లకింగ ఇరవై దినాలుండాయి. ఇప్పుడా నువ్వు పూలచెట్లు ఎత్తుకోని పోయేది?"

"చీటీ పంపింది."

"పంపితే? మా బావమరిది కువైట్‌కు పోయినాడు, ఈడుంటే చంపుతారని. నువ్వేమో గంప నెత్తిన పెట్టుకోని ఎదురు పోతాండావు." అంటూనే ఒక డబ్బాలో నీళ్ళు పోసి పన్నెండు చిన్న చేపలు వేసిచ్చాడు. దోమ పిల్లల్ని తింటాయి. కొత్త కొలనుకు వాటిని ఊరికే ఇవ్వడం అతనికి అలవాటు, తీసుకుపోయి వదలడం నాకు అలవాటు.

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు తొమ్మిదికి బస్సు. రెండు గంటలకు పైగా పడుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే ఎండకు దుంపలు వాడిపోతాయి కాబట్టి వెనక సీటు కింద పెట్టుకున్నాను. ఆ రోజు దారిలో రెండుచోట్ల పోలీసులు బస్సు ఆపి సంచులు దులిపారు. గంపలోకి లాఠీ పెట్టి కెలికిన కానిస్టేబులు, "ఆకుకూరా?" అని అడిగాడు. అవునన్నాను. గోడల మీద రెండు పార్టీల రాతలు ఒకదాని మీద ఒకటి సున్నం కొట్టి రాసి ఉన్నాయి. పులివెందులలో దిగాక ఆ ఊరికి జీపులే. మనిషికి రెండు రూపాయలు, గంపకు ఇంకో రూపాయి తీసుకున్నారు.

ఆ ఇంటి ప్రహరీ మనిషికి రెండింతల ఎత్తు. గేటు దగ్గర కాపలా ఉండే ఓబులేసు అన్నీ విప్పించి చూశాడు. పూల మళ్ళ కోసం మా ఇంటి నుంచి తెచ్చిన మెట్టతామర దుంపలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది ఎంతెత్తు లేస్తాది?"

"నడుముదాకా."

"వద్దు. మోకాలి కంటె ఎత్తుండేది ఏదీ ఈ గోడల్లోపల పెట్టగూడదు. మనిషి కూచుంటే మరుగయ్యేది చెట్టు గాదు మాకు, శత్రువు." నవ్వి దుంపలు గోడ అవతలికి విసిరేశాడు. అందుకని మళ్ళలో నా సంచిలో ఉన్న కనకాంబరం, పొట్టి బంతి నారు మాత్రమే వేశాను. ఆ ప్రాంతపు పెద్ద ఇళ్ళలో పూల మడి ఎత్తు కాపలావాళ్ళే నిర్ణయించేవారు.

కొలను మూడడుగుల లోతు, నిండా నీళ్ళు పట్టి ఉంది. ముందు చేపలు వదిలాను. లక్షుమ్మ మెట్ల మీద నిలబడి చూస్తోంది.

"చేపలెందుకప్పా?"

"దోమలు రావక్కా."

వెడల్పు కుండల్లో చెరువు మట్టి నింపి, దుంప ఏటవాలుగా పెట్టి, పైన ఇసుక పరిచి, ఇటుకల మీద దించాను. కొత్త ఆకు నీటిపైకి వచ్చేకొద్దీ ఇటుకలు తీస్తూ కుండను కిందికి దింపాలి. సగం నీళ్ళకు ఎండ తగలాలి, మొత్తం కప్పేస్తే కొలను కుళ్ళిపోతుందని చెప్పాను.

"కుళ్ళిపోనీ. అడుగు కనపడకూడదు. గుర్రపు డెక్క తొందరగా కమ్ముతాది గదా, అది ఎందుకు తేలేదు?"

అది చెరువులను చంపే మొక్క అని, అంతరతామర అయినా పదిహేను రోజుల్లో కమ్ముతుందని అన్నాను.

మధ్యాహ్నం మగవాళ్ళు వెనక పంచలో సంగటి తింటున్నారు. నేను నీళ్ళలో నడుము దాకా దిగి ఉన్నాను. ఆమె బియ్యం కడిగే గిన్నె తెచ్చి గట్టు మీద వంగింది. గిన్నెలోంచి దారం చుట్టిన ఉండలు రెండు మెల్లగా నీళ్ళలోకి దించింది. నాటుబాంబులు.

"నీళ్ళలో నానితే చచ్చిపోతాయంట గదా అప్పా?"

"అంటారక్కా."

"గాదెలో ఇంగా శానా ఉండాయి. దినానికి రెండు తీసినా ఓట్లనాటికి సగమన్నా అయితాయి. మా పిల్లోడికి పందొమ్మిదేండ్లు. ఈసారి జీపులో ముందు సీటు వానిదే అంటాండాడు మా మరిది. వాడు ఉబ్బిపోతాండాడు." కొంగుతో చేయి తుడుచుకుంది. "నువ్వేం చూడలేదు."

చూడలేదన్నాను. మిగిలిన అంతరతామరంతా ఆ మూల మీదికి తోసి, నాలుగు గంటల జీపుకు బయటపడ్డాను. చేపల సంగతి నాకు తట్టలేదు.

పదిహేను రోజుల తర్వాత ఇటుకలు తీయడానికి పోయాను. కొలను ఎండిపోయి ఉంది. కలువ కుండలు పగిలి, ఆకులు పేడదిబ్బ మీద ఉన్నాయి.

"చేపలన్నీ చచ్చి తేలినాయి అప్పా," అన్నాడు ఓబులేసు. ఈసారి నవ్వలేదు.

"కొత్త సిమెంటు. సున్నం ఊరి చచ్చుంటాయి," అన్నాను.

"ఆ మాట ఆ యమ్మ గూడా చెప్పింది. చిన్నాయన నీళ్ళలో విషం కలిపినారనుకోని తూము తీయించినాడు. అడుగున యేముండాయో అందరూ చూసినారు. ఇంగేం చెప్తాది?" ఆమెను కమలాపురంలో పుట్టింటికి పంపేశారట. కొడుకును పంపలేదు. "నువ్వు ఇంగ ఈడికి రావద్దు," అన్నాడు.

పోలింగ్ మరుసటి రోజు మస్తాన్ కొట్టుకు వచ్చి చెప్పాడు. లక్షుమ్మ కొడుకు నాటుబాంబు విసరబోతుంటే చేతిలోనే పేలిందట. ప్రాణం దక్కింది, కుడి చేయి మణికట్టు దాకా పోయింది.

తల్లి ఆ ఇంట్లోనే ఉండి ఉంటే గాదె సగం ఖాళీ అయ్యేదేమో. అయినా ఆ చేయి మిగిలేదో లేదో నాకు తెలియదు. ఆమె చేపలెందుకని ఒక్కసారి అడిగింది. నేను వినకుండా జవాబు చెప్పాను. మొక్కల గురించి అడిగినవాళ్ళకు నేను చాలా చెప్పగలను. అడిగిన మనిషి ఎందుకు అడుగుతోందో ఆగి చూడడం నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు. కమలాపురం మీదుగా బస్సు పోతుంటే ఇప్పటికీ ఆ ఊళ్ళో దిగను.

మీరు కొలను కట్టుకుంటే ఒక్క మాట. సిమెంటు ఆరాక నీళ్ళు నింపి, మూడుసార్లు మార్చండి. మొక్కలు కుదురుకునేదాకా, తక్కువలో తక్కువ నెల రోజులు, చేపలు వదలకండి.