కారులో చూసిన డచ్చి ఊరు

బందరులో మా కాలేజీకి వెళ్ళే దారిలో డచ్చివాళ్ళ సమాధులు ఉండేవి. వ్యాపారానికని సముద్రం దాటొచ్చి, జ్వరాలు పడి అక్కడే పోయినవాళ్ళవి. ఆ రాళ్ళ మీది చెక్కడాలు చూసే నాకు చరిత్ర పిచ్చి పట్టింది. ఎం.ఏ. చేశాను, కొన్నాళ్ళు పాఠాలూ చెప్పాను. తర్వాత పెళ్ళి, న్యూజెర్సీ, ఉద్యోగస్తుల భార్యలకిచ్చే డిపెండెంట్ వీసా. ఆ రోజుల్లో ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. పోనీ డ్రైవింగ్ నేర్పమంటే, "ఇన్సూరెన్స్ పెరుగుద్ది. తిప్పడానికి నేను లేనా?" అనేవాడు మా ఆయన. అపార్ట్‌మెంట్ గేటు దాటితే నడవడానికి ఫుట్‌పాత్ లేదు. ఏళ్ళ తరబడి పార్సిల్‌లాగా ఆయన కారు ఎక్కాను, దిగాను.

అందుకే పుట్టినరోజుకి ఎక్కడికెళ్దామని ఆయన అడిగితే, ఠక్కున కింగ్‌స్టన్ అన్నాను. హడ్సన్ నది పక్కన డచ్చివాళ్ళు కట్టుకున్న పాత ఊరు. గైడు అక్కర్లేదు. మ్యాపు చేత్తో పట్టుకుని, అందులోని నంబర్ల ప్రకారం మనమే నడిచి చూసుకోవచ్చు. చివరి నంబరు చర్చి, దాని చుట్టూ సమాధులు. ఒక్క పూట ఆ వీధుల్లో నా కాళ్ళతో నేను నడవాలి. నేను కోరింది అంతే.

మనవాళ్ళు ఒక్క కుటుంబంగా ఎక్కడికైనా కదుల్తారా? ఆయన ఆఫీసులో పనిచేసే హైదరాబాదు స్నేహితుడూ, అతని భార్యా తయారయ్యారు. వ్యాన్ లాంటి పెద్ద కారు వాళ్ళది. నా పుట్టినరోజున తెల్లారకముందే లేచి అందరికీ పులిహోర కలిపింది మాత్రం నేనే. ఊరు చేరగానే పార్కింగ్ లాట్‌లో డిక్కీ ఎత్తి, పేపర్ ప్లేట్లలో తిన్నాం. చేతులు తుడుచుకుని మ్యాపు తీశాను.

"ఇంత చిన్న ఊర్ల నడుసుడేంది వదినా? కార్‌ల టెన్ మినిట్స్‌ల కవర్ చేద్దాం," అన్నాడు స్నేహితుడు.

"అవును, మళ్ళీ ఔట్‌లెట్ మాల్‌కి లేటవుద్ది," అన్నాడు మా ఆయన.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అదన్నమాట. నడవమని ఇచ్చిన మ్యాపు పట్టుకుని మేం కారులో తిరిగాం! మా ఆయన నంబరు చదువుతాడు, అతను బ్రేకు వేస్తాడు, అతని భార్య అద్దంలోంచి ఫొటో తీస్తుంది. "నెక్స్ట్!" నాలుగు మూలలా నాలుగు పాత రాతి ఇళ్ళున్న కూడలి వచ్చింది.

"ఒక్కసారి ఆపించండి," అన్నాను.

"కనపడతానే ఉందిగా. దిగి ఏం చేస్తావ్?" అన్నాడు మా ఆయన.

కనపడుతోందట! స్టాప్ సైన్ దగ్గర వ్యాన్ ఆగగానే తలుపు జరిపి దిగిపోయాను.

నడిచాను. వ్యాన్ నా వెనకే మెల్లగా వస్తోంది. ఆవిడ అద్దం దించి, "ఎక్కు అక్కా, ఎవరన్న చూస్తే మంచిగుండదు," అని బతిమాలుతోంది. మా ఆయన ఫోన్ మీద ఫోన్. ఎత్తలేదు. ఒక ఇంటి గోడని చేత్తో తడిమాను. నలుగురూ నడిచే వీధిలో నడిచినందుకు ఇంత యాగీనా అని ఏడుపొచ్చింది.

చర్చి ఆవరణలో పలచటి రాతి పలకలు. బందరు చెక్కడాల గొప్పతనం వీటికి లేదు. ఒకదాని ముందు కూర్చున్నాను. పైన ఉండాల్సిన ఆడమనిషి పేరు వానలకి అరిగిపోయింది. కింద మాత్రం మిగిలింది: ఫలానా ఆయన భార్య. ఆ ఫలానా పేరు శుభ్రంగా కనబడుతోంది. నా పాస్‌పోర్టులో వీసా మీద కూడా అడుగున మా ఆయన పేరు ఉంటుంది, నేనెవరి తాలూకో తెలియడానికి.

అంతలో మా ఆయన మొహం కందగడ్డ చేసుకుని వచ్చాడు. "నలుగుర్లో నా పరువు తీశావ్. ఏముంది ఇక్కడ, రాళ్ళు! పద."

"నా పుట్టినరోజు కదా."

"అందుకేగా ఇంత దూరం తీసుకొచ్చింది!"

లేచాను. లేవక ఎక్కడికి పోతాను? అక్కణ్ణించి ఇంటికి వెళ్ళడానికి ఆ వ్యాన్ తప్ప నాకు ఇంకో దారి తెలియదు.

వ్యాన్ కదిలాక పక్కసీట్లోంచి స్నేహితుడి భార్య అడిగింది.

"ఎవరిదక్కా, ఆ సమాధి?"

"ఎవరో ఒకాయన భార్యది."

"పేరేంది?"

"లేదు," అన్నాను.

ఆవిడదీ నా వీసాయే.