సునీతమ్మ దుమ్ము, నా ప్రసంగం

ఈ రోజు మా నర్సీపట్నం ఇంటికూటంలో, అంటే విశ్వాసుల ఇంట్లో జరిగే ప్రార్థనలో, పాస్టరునైన నాకు ఒళ్ళు మండింది. దేవుడు ఆదాముని చేసిన మట్టి గురించి గొంతు చించుకుని బోధించాను. సగంమంది కునికారు. తర్వాత దేవుడి మేళ్ళ గురించి ఎవరి సాక్ష్యాలు వాళ్ళు చెప్పమంటే, కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పే సునీతమ్మ లేచి, సృష్టి తొలినాళ్ళ దూరపు గెలాక్సీల్లోని దుమ్ము గురించి మొదలెట్టింది. ఆ దుమ్ము నక్షత్రాల వెలుగుని మింగి, వేడెక్కి, ఇన్‌ఫ్రారెడ్ కిరణాలుగా బయటికి పంపుతుందట. అవి మన కంటికి ఆనవట, వాటికోసం చేసిన టెలిస్కోపులే పట్టుకుంటాయట.

"బూడిద కింద నిప్పు కనబడదు గానీ, చెయ్యి పెడితే సెగ తెలుస్తాది కదండీ, అలాగే. దేవుడి పని ఎంత పాతదో చూడండి" అంది.

"ఆమెన్!" అని ఇల్లు అదిరేలా అరిచారు. నా ప్రసంగానికి దగ్గులు తప్ప ఏమీ రాలేదు.

ఉండబట్టలేక లేచాను. "కంటికి కనబడనిది ఉందంటే ఎలా నమ్మడం, సునీతమ్మా?"

ఆమె నోరు తెరిచేలోపే, నాతవరం నుంచి ఆటోలో వచ్చే మరియమ్మ మామ్మ అందుకుంది. "అదేటయ్యగారూ! కనబడని దేవుణ్ణి నమ్మమని పోయిన ఆదివారం బల్ల గుద్ది మరీ సెప్పింది మీరే కదేటి?"

ఒకటే నవ్వులు. చేతిలో బైబిలు మూసి కూర్చున్నాను.

వచ్చే కూటంలో వాక్యం సునీతమ్మే చెప్పాలని అందరూ పట్టుబట్టారు. ముగింపు ప్రార్థన మాత్రం నన్ను చెయ్యమన్నారు. ఆ దుమ్ము కోసం, సునీతమ్మ కోసం, పళ్ళు బిగించి దేవుడికి స్తోత్రం చెప్పాను. అది ఇంటి కప్పు దాటి పైకి చేరి ఉంటుందంటారా? మీరే చెప్పండి.