గుడ్డ కప్పు కారు

“...చెడిపోతే స్పేరు సామాన్లు యాడ తెస్తావు బావా? ఈ కార్లు చేసే కంపెనీనే మూసేసినారంట. మదరాసులో కూడా దొరకవంట!” బామ్మర్ది గోవిందరాజు గొంతు పెంచాడు.

పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్లు కట్టే నరసరాజు కారు పక్కన వంగాడు. ఎవరితో మాట్లాడుతున్నా ఆయన బొటనవేలు ఎదుటివాడి మణికట్టునో మోకాలినో తడుముతూ ఉంటుంది. ఇప్పుడది, దేశం విడిచిపోతున్న దొర అమ్మజూపిన పాత కారు తలుపు అంచును తడుముతోంది. కిందటి వారం నగరి నుంచి తొడ విరిగినవాణ్ణి ఎద్దుబండిలో తెచ్చారు. దారి కుదుపులకు ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది. నరసరాజు కారు గుడ్డ కప్పును వెనక్కి మడిచి చూశాడు. ఇందులోకైతే మనిషిని పైనుంచే, కాలు వంచకుండా దించవచ్చు.

“ఇనపడతా ఉండాదా బావా? ఇది ఇరిగితే ఇరిగినట్టే.”

“మనిషి కాలికి స్పేరు సామాన్లు ఏ అంగట్లో అమ్మతా ఉండారురా? ఇరిగినదాన్నే గదా మన తాతల కాలం నుంచీ కడతా ఉండాం.”

“అయితే దీనికీ కోడిగుడ్డు సొన పూసి, ఆకుపసరు పోసి కట్టు కడతావా?”

“కడతా. పోయి దొరకు చెప్పు, బండి మనదేనని.”