చేపల తొట్టిలో సున్నపురాయి

మా ఆయన మఠంపల్లి వైపు సున్నపురాయి గనిలో పనిచేసి, ఊపిరాడక కోదాడలో ఇంటిపట్టున పడ్డాడు. సూర్యాపేట దవాఖానలో డాక్టరు ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మే ఉందని, ఇక పని మాట మరిచిపొమ్మని చెప్పాడు. ఈయన వింటేనా? "దుమ్ము లేదు, గిమ్ము లేదు. జర తగ్గంగనే పనికి పోత" అనేవాడు. ఇన్నేళ్లు అన్నం పెట్టిన రాయిని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు.

పొద్దంతా గోడ చూస్తూ కూర్చునే మనిషికి కళ్ల ముందు కదిలేది ఏదైనా ఉండాలని చేపల తొట్టి కొన్నాను. నీలం గీత, ఎర్రతోక ఉన్న చిన్న చేపలు. దుకాణం అతను మరీమరీ చెప్పాడు.

"వీటికి సున్నం నీళ్లు పడవమ్మా. అడుగున నల్ల కంకరో, కడిగిన ఏటి ఇసుకో వెయ్యండి. వేరే రాయైతే నిమ్మరసం పిండి చూడండి. పొంగితే మాత్రం వెయ్యొద్దు."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఈయన నవ్వాడు. "రాళ్ల సంగతి నాకు వాడు చెప్తడా? పొంగితేనే అసలు రాయి. పొంగనిదాన్ని మేం లారీకే ఎక్కియ్యలె."

గనిలో రాయి మీద యాసిడ్ చుక్క వేసి చూస్తారట. పొంగితే మంచి రాయి అన్నట్టు. తోటి పనివాడితో సంచెడు తెల్లరాళ్లు తెప్పించాడు. నిమ్మచెక్క పిండితే బుసబుసా పొంగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎన్నాళ్లయిందో ఆ ముఖం చూసి! అరిచాను, కసిరాను. ఆ మొండిఘటంతో ఎవరు గెలుస్తారు? ఆయాసపడుతూ, ఆగి ఆగి, తన చేత్తోనే రాళ్లు పరిచాడు. తెల్లటి అడుగు మీద చేపలు నిజంగానే ముద్దొచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

కొద్దిరోజులకే అవి పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. తొట్టిలో గాలి మిషన్ ఆడుతూనే ఉంది. అయినా ఒక్కొక్కటే తేలిపోయాయి. దుకాణం అతణ్ణి పిలుచుకొచ్చాను. నీళ్లు పరీక్షించి, "రాయి కరిగి నీళ్లలో దిగిందమ్మా" అన్నాడు. ఈయన వాదిస్తాడనుకున్నాను, వాదించినా బాగుండేది.

మిగిలిన ఒక్క చేప పైన నోరు తెరిచి మూస్తుంటే, మంచం అంచున కూర్చుని దాన్నే చూస్తున్నాడు. ఆయన నోరూ తెరిచే ఉంది. అది కదలడం ఆగిపోయాక కూడా చాలాసేపు చూశాడు.

"ఏమే, అది గా నీళ్లల్ల నాలుగు రోజులే ఉన్నది. నేను గా దుమ్ములనే ఇన్నేండ్లు బతికిన గదా" అన్నాడు.

లేచి గాలి మిషన్ ఆపేశాను.

మంచం కింద గుడ్డలో చుట్టి పెట్టుకున్న పని బూట్లను కాలితో ముందుకు తోశాడు.

"ఇవి ఎవలకన్న ఇచ్చెయ్యి. మంచిగనే ఉన్నయ్."