సునీత టీవీ మీద నేను చేసిన ప్రార్థన

పోయిన శుక్రవారం మా ఇంటి ప్రార్థన కూటం నా వల్ల ఎట్లా ముగిసిందో చెప్తాను. నా ఎదురుగా మాత్రం నవ్వకండి, పక్కకు పోయి నవ్వుకోండి.

మా ఆయన బొగ్గుబావి డ్యూటీ నుంచి రిటైరయ్యాక, కంపెనీ క్వార్టర్ వదిలి గోదావరిఖనిలోనే సొంతింటికి వచ్చాం. పై పోర్షన్‌లో సునీత వాళ్ళు అద్దెకుంటారు. రెండిళ్ళకూ ఒకటే మీటరు, బిల్లు చెరిసగం. క్వార్టర్లో కరెంటు కంపెనీదే, బిల్లంటే ఏందో నాకు తెలియదు. ఇక్కడ ప్రతి బిల్లుకూ కళ్ళు తిరుగుతున్నాయి. పైన చూస్తే పొద్దస్తమానం టీవీ మోత! కరెంటును అది కాక ఇంకేం తింటుంది?

ముఖం మీద అడిగే ధైర్యం నాకు లేదు. అందుకని కూటంలో సునీతతో పాటు వాడకట్టు ఆడవాళ్ళంతా కూర్చున్నప్పుడు, కళ్ళు మూసుకొని దేవుడికే చెప్పాను.

"ప్రభువా, పగలంతా టీవీ పెట్టుకొని పక్కవాళ్ళ మీద భారం వేసేవాళ్ళ కళ్ళు తెరువుము."

అందరూ "ఆమెన్" అన్నారు. సునీత అనలేదు.

"పెద్దమ్మా, గా ప్రార్థన నా గురించేనా?" ఆమె లేచి నిలబడింది. "మా టీవీ గంత తింటదంటే చెప్పు, నెలాఖరుకు ఖాళీ చేస్తం."

నాకు జ్వరమొస్తే గంజి కాచి తాగించిన పిల్ల! "అట్ల కాదు బిడ్డా..." అంటుండగానే మీటరు దగ్గరికి నడిచింది. వెనకాల కూటమంతా లేచింది. కరెంటు ఎంత కాలితే అంత వేగంగా వెలిగి ఆరే మీటరు ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటోంది. సునీత పైకి పోయి టీవీ బంద్ చేసి వచ్చింది. లైటుది అదే దూకుడు!

అంతలో వంటింట్లోంచి మా ఆయన కేక. "ఏమే మరియా, చాయ్ మసిలింది. హీటరు బంద్ చేస్తున్న!"

లైటు నెమ్మదించింది. ఒకసారి మిణుక్కుమని, ఆలోచించుకొని, మళ్ళీ మిణుక్కుమంది.

ఆ హీటరంటే కరెంటు తీగచుట్ట పొయ్యి. మా అత్తమ్మ క్వార్టర్లో ఉండగా కొన్నది. నా పిల్లలందరి తొలి స్నానాలకు నీళ్ళు కాగింది దాని మీదే. ఆ మమకారంతో గ్యాసును మూలకు నెట్టి అన్నం, పప్పు, వేణ్ణీళ్ళు అన్నీ దాని మీదే కానిస్తున్నాను, క్వార్టర్లో ఉన్నట్టే.

మా ఆయన వచ్చి, సంగతి విని, అందరి ముందే అన్నాడు. "ఆ పిల్ల టీవీ ఏడాదంత తినే కరెంటు నీ హీటరు నెలకే మింగుతది గదనే!"

తలెత్తలేకపోయాను. సునీత చెయ్యి పట్టుకున్నాను. "ఇన్ని నెలలు నా వంటకు నీతోని సగం కట్టించిన బిడ్డా. ఇల్లు మాత్రం విడువకు."

"పోను గాని పెద్దమ్మా, ముందు చాయ్ ఇయ్యి. అందుల నా సగం కరెంటు గూడ ఉన్నది."

కూటమంతా ఒకటే నవ్వు. ఏం చెప్పను, ప్రభువు నా మొర విన్నాడు. కళ్ళు తెరువుమన్నాను, తెరిచాడు. ఎవరివో నేను పేరు పెట్టి చెప్పలేదు కదా!