నిజాం సైన్యంలో నా ఒక్క మాట

వయసు మళ్ళాక అక్షరాలు నేర్చుకున్నవాడికి ఒక రోగం పట్టుకుంటుంది. కనపడిన కాగితమల్లా చదువుతాడు. పంతొమ్మిదివందల తొంభైల్లో హిందూపురం మార్కెట్లో చింతపండు మూటలు మోస్తూ, సాయంత్రం పెద్దవాళ్ళ బడికి పోయి నేను ఆ రోగం తెచ్చుకున్నాను. బడిపిల్లల చరిత్ర పుస్తకం ఒకటి చేతికొస్తే అందులో శ్రీరంగపట్నం యుద్ధం చదివాను. ఇంగ్లీషువాళ్ళ గురించి పేజీలకు పేజీలు, మైసూరు సుల్తాను గురించి పేజీలకు పేజీలు. ఇంగ్లీషువాళ్ళ పక్కన నిలబడి పోరాడిన నిజాం సైన్యం గురించి మాత్రం ఒక్క వాక్యం. గుర్రాలేసుకుని, ఎద్దులు తోలుకుని అంత దూరం పోయింది ఒక్క వాక్యానికా అని నవ్వుకున్నాను.

ఆ తరువాత పెనుకొండలో అదే యుద్ధాన్ని నాటకం కట్టారు. మా సీమలో నాటకానికి ఒక పద్ధతి ఉంది. వేషగాడికి నటన రావాలని లేదు, హార్మోనియం మాస్టరుకు దుడ్లు కడితే చాలు. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన సుల్తాను వేషం కొనుక్కున్నాడు. ఆయన కత్తి తిప్పితే బేరానికి చీర మడత విప్పి చూపిస్తున్నట్టే ఉండేది. ఇంగ్లీషు దొర వేషం పెనుకొండ గుమాస్తా ఒకాయనకు పోయింది. సొంత బూట్లు ఉన్నాయని ఆయనకు కొంత తగ్గించారు. నిజాం సైన్యాన్ని ఎవరూ కొనలేదు. అందుకని మా బడిలోని హమాలీలను నలుగురిని ఊరికే రమ్మన్నారు. తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకుని, వెదురు ఈటె పట్టుకుని వెనక నిలబడాలి. మాటలు లేవు.

నేను ఊరుకోలేదు.

"ఏం మాస్టరూ, అంత దూరం వచ్చిన సైన్యానికి నోరు లేదా?"

"నోరు కావాలంటే దుడ్లు కట్టాలప్పా" అన్నాడాయన.

నా పోరు పడలేక చివరికి ఒక్క మాట ఇచ్చాడు. కోట గోడ కూలగానే ముందుకొచ్చి "మేమూ ఉండాం దొరా!" అనాలి. దాన్ని నా చేత్తో రాసుకుని, చూసి చదువుకుని బట్టీ పట్టాను. చెవితో విని కాకుండా, అక్షరాలు చూసి నేను బట్టీ పట్టిన మొదటి మాట అది.

నా భార్యకు చెబితే, "ఈ వయసులో పలక పట్టింది చాలక వేషం కూడానా? సరే, వస్తా. ఆ మాట నాకు వినపడకపోతే ఇంక బడికి పోయేది లేదు" అంది. నవ్వుతూనే అంది గానీ, అన్నంత పనీ చేసే మనిషి.

సాయంత్రం మైదానంలో నాటకం మొదలైంది. గోనెపట్టాలతో కట్టిన కోట గోడ కూలింది. నేను ముందుకు అడుగేసి నోరు తెరిచాను. అంతలో మైకు అందుకుంది.

"సుల్తాను గారి బావమరిది సుల్తాను గారికి ఈనాము చదివిస్తున్నారు!"

చదివింపు వస్తే మా పక్క యుద్ధమైనా ఆగాల్సిందే. ఆగింది. బావమరుదులందరూ అయ్యేసరికి మాస్టరు తరువాతి పద్యం ఎత్తుకున్నాడు. నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. కింద నా భార్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నన్నే చూస్తోంది.

సుల్తాను పొడుగాటి పద్యం పాడాడు. దొర తుపాకీ పేల్చాడు. సుల్తాను పడ్డాడు. తన పని అయిపోయిందని దొర టీ తాగడానికి తెర వెనక్కి పోయాడు. సరిగ్గా అప్పుడే, ధర్మవరం నుంచి లారీలో దిగిన చుట్టాలు లేచి "వన్స్‌మోర్!" అని అరిచారు. అంత దుడ్లు కట్టిన మనిషి ఒక్కసారే చస్తే ఏం గిట్టుబాటు? సుల్తాను లేచి, దుమ్ము దులుపుకుని, పద్యమంతా మళ్ళీ పాడాడు. పాడి, చావడానికి తిరిగి చూస్తే చంపేవాడు లేడు. ఈటెలు పట్టుకుని మేం నలుగురం ఉన్నాం.

"ఏమప్పా, చంపుతావా లేదా? మోకాళ్ళు నొస్తాండాయి" అన్నాడు సుల్తాను మూతి కదలకుండా.

"ఆ పని మాకు చెప్పలేదే అన్నా" అన్నాడు నా పక్కవాడు.

తెర పక్క నుంచి మాస్టరు గింజుకుంటున్నాడు. "ఎవురో ఒకరు పొడవండబ్బా!"

నేను పొడిచాను. మళ్ళీ ఏ బావమరిది లేస్తాడోనని పొడుస్తూనే గొంతు చించుకున్నాను.

"మేమూ ఉండాం దొరా!"

దొర లేడు. మైదానమంతా పగలబడి నవ్వింది. ఆ గోలకు దొర టీ గ్లాసుతోనే పరిగెత్తుకొచ్చి, పడున్న సుల్తాను మీద బూటు కాలు పెట్టి, చచ్చినవాణ్ణి ఇంకోసారి కాల్చాడు. చప్పట్లన్నీ ఆయనకే.

చివర్లో సుల్తానుకు శాలువా, దొరకు శాలువా. నిజాం సైన్యానికి గోనెపట్టాలు విప్పి మడతపెట్టే పని. అసలు నిజాంకు మాత్రం ఇంతకంటే ఏం మిగిలింది? మైసూరు నుంచి గెలుచుకున్న మా సీమను ఏడాది తిరిగేసరికి ఇంగ్లీషు పటాలం ఖర్చు కింద వాళ్ళకే అప్పజెప్పాడు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడగడానికి మాకు మాట రాయలేదు గదా.

హిందూపురం బస్సులో వెనక సీటువాడు "దొర భలే చంపినాడబ్బా!" అన్నాడు. నేను లేవబోతే నా భార్య చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

"చంపింది నువ్వే. నేను చూసినా. ఊరికే కూచో."

"మాట వినపడిందా?"

"అంత అరుపు అరిస్తే కొండ మీదోళ్ళకు కూడా వినపడుంటుంది." నా చొక్కా వదిలి, "నీ పలక నీళ్ళబాన మీద మూతేసి వచ్చినా. నువ్వు నోరు తెరుస్తావని ఎవురనుకున్నారు? రేపు తీసుకుని బడికి పో" అంది.